మూడు చుక్కల మడ్‌గార్డు

లెక్కల మాస్టారు సోమవారం పొద్దున్నే కారుకు దుప్పటి కప్పి తీసుకొచ్చాడు. కారంతా కప్పలేదు, ముందు ఎడమవైపు మాత్రమే కప్పాడు. జ్వరం వచ్చిన పిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు, దుప్పటి కొసలు బానెట్ సందుల్లో దోపి, నత్తనడకన నడిపించుకొచ్చి, రేకుల షెడ్డు ముందు ఆపాడు. ఇంజను ఆగినా దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదుటి గోడ మీద ఎవరో చిక్కులెక్క రాసి పెట్టినట్టు దానివంకే చూస్తూ కూర్చున్నాడు.

రేకుల మేస్త్రీ లోపలినుంచి అంతా చూశాడు. గబుక్కున ఏదీ అడగడు, అది అతని తత్వం. ఈయన నోట్లో నాలుక ఉందో లేదో తెలియాలంటే దగ్గు రావాలి అంటుంది అతని భార్య. కొయ్యసుత్తి బల్ల మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, బయటికి వచ్చి దుప్పటి ఎత్తాడు.

ముందుచక్రం మీదుగా అలలా లేచి దిగే మడ్‌గార్డు నలిపి పారేసిన కాగితంలా ఉంది. దీపం ఉండే చోట రేకు నిలువునా చిరిగింది.

"గేటా?" అన్నాడు మేస్త్రీ.

"గేటే. మా గేటే. ముప్ఫై ఏళ్లుగా ఆ స్తంభం అక్కడే ఉంది. అది పిసరంత కదల్లేదు, నేనే కదిలాను," అన్నాడు మాస్టారు. అప్పుడు దిగాడు. దిగి, చిరిగినచోట వేలు పెట్టబోయి, పెట్టలేక చెయ్యి జేబులో దాచుకున్నాడు. "ఆదివారం భూతద్దం వస్తున్నాడు మేస్త్రీ."

భూతద్దం అంటే పాత స్పోర్ట్స్‌కార్ల క్లబ్బులో విలువ కట్టే పెద్దమనిషి. మెడలో తాడుకు భూతద్దం వేలాడేసుకుని, ఏ కారులో ఏ ముక్క పుట్టినప్పటిది, ఏది తరవాత అతికింది అని చూసి కాగితం రాసిస్తాడు. ఆయన రాసిందే వేదం. క్లబ్బులో ఎవరి కారు వరసలో ఎక్కడ నిలబడాలో కూడా ఆ కాగితమే చెబుతుంది. మాస్టారి కారు పధ్నాలుగేళ్లుగా వరసలో చిట్టచివర, నీళ్ల కుళాయి పక్కన నిలబడుతోంది. యాభై ఏళ్లు దాటిన రెండు సీట్ల బండి, పైన కప్పు లేదు, వెలిసిపోయిన లేతాకుపచ్చ రంగు. అందరూ దాని పక్కకు వచ్చేది చేతులు కడుక్కోవడానికే.

నెల కిందట మాస్టారు చక్రం విప్పి తుడుస్తూ, ఎడమ మడ్‌గార్డు లోపలి అంచున మూడు చుక్కలు చూశాడు. మేకుతో కొట్టిన మూడు చిన్న గుంటలు, పొయ్యిరాళ్లు పేర్చినట్టు. ఆ కార్లను మొదట్లో ఏదో చిన్న షెడ్డులో చేత్తో కొట్టి చేసేవారట. అందులో ఒక పనివాడు తను చేసిన ప్రతి ముక్క మీదా మూడు చుక్కలు పెట్టేవాడట. అతని పేరు ఎవరికీ తెలియదు. అయినా క్లబ్బులో 'మూడు చుక్కలాయన' అంటే చాలు, మాట్లాడేవాళ్లు గొంతు తగ్గిస్తారు. ఆ సంగతి చెప్పిన ఆదివారం మాస్టారి చుట్టూ ఇరవైమంది మూగారు. పధ్నాలుగేళ్లలో మొదటిసారి ఎవరో ఆయనకు కుర్చీ వేశారు.

"సాపు చెయ్యలేవా?" అన్నాడు మాస్టారు.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు తడిమాడు. ముసలి అల్యూమినియం, గిన్నెలవాళ్లు సత్తు అనేది. ఎండకీ కుదుపులకీ గిడసబారిపోయింది. "కొడితే ఇంకా పగులుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది."

"చుక్కలున్న ముక్క కోసి అతికితే?"

"చీలిక చుక్కల మధ్యనుంచే పోయింది. అటు ఒకటి, ఇటు రెండు. అతికినా లోపల లైటు వేస్తే తెలుస్తుంది." మేస్త్రీ లేచాడు. అతనికి అంత పొడుగు మాట్లాడినందుకే ఆయాసం వచ్చినట్టుంది. "కొత్తది చెయ్యాలి."

మాస్టారు ఆ మాట కోసమే వచ్చి, ఆ మాటకే భయపడుతున్నట్టు తల ఊపాడు. "చెయ్యి. కానీ పాతదే అనిపించాలి."

ఆ మాట లోపలి గదిలో కారు సీట్ల తోలు కుట్టే మిషను దగ్గర కూర్చున్న మేస్త్రీ భార్యకు వినపడింది. మిషను ఆగింది. ఆమె బయటికి రాలేదుగాని, ఆగిన మిషను కూడా ఒక మాటే.

మాస్టారు వెళ్లాక ఆమె గుమ్మంలోకి వచ్చింది. "పోయిన నెల క్లబ్బులో ఆ నీలం కారుకు బహుమతి కప్పు ఇచ్చారు. దాని ఒళ్లంతా నీ చేతి మీదే తయారైంది. కప్పు పట్టుకుని ఆ కారాయన మా తాతలనాటి కారు అన్నాడు, మా ఆవిడ ఓపిక అన్నాడు, ఆఖరికి కారు తుడిచే గుడ్డకు కూడా దండం పెట్టేలా ఉన్నాడు. కుర్చీల వెనకాల నిలబడ్డ మనిషి మాత్రం గుర్తురాలేదు. సొమ్మొకడిది, సోకొకడిది."

"కారు ఆయనదే కదా."

"పని నీది కదా. ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నా, నీ పని మీద నీదంటూ ఒక్క చుక్క పెట్టుకోవయ్యా అని. ఆ మూడు చుక్కలాయన పెట్టుకోబట్టే కదా, ముక్కూ మొహం తెలియకపోయినా ఇవాళ దండాలు పెడుతున్నారు."

అది నిజమేనని మేస్త్రీకి తెలుసు. ఆ రోజు కుర్చీల వెనక నిలబడి, తన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని చెవులు రిక్కించిన సంగతి ఆమెకు చెప్పలేదు, అంతే. చప్పట్లు కొట్టేటప్పుడు తనూ కొట్టాడు. అరచేతులు మండాయి.

మంగళవారం నలిగిన మడ్‌గార్డును విప్పి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. పైవైపు ఎప్పుడూ ఏమీ చెప్పదు. ఆకురాయితో అరగదీసి, రంగు వేసి, నునుపు చేసిన మొహం అది. మనిషి సంగతి లోపలివైపు ఉంటుంది. అక్కడ సుత్తి దెబ్బలు అలాగే ఉండిపోతాయి. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి, కళ్లు చికిలించి చూశాడు. ప్రతి దెబ్బ ఒక పక్కకు ఒరిగి ఉంది, అన్నీ ఒకే పక్కకు. తను కొడితే దెబ్బ ఇటు ఒరుగుతుంది. ఇవి అటు ఒరిగాయి.

"ఎడమచేతివాటం," అన్నాడు పైకే.

ఇంకా చూస్తే ఇంకా కనపడింది. దీపం దగ్గర మొదలైన దెబ్బలు దగ్గరదగ్గరగా, హుషారుగా ఉన్నాయి. కిందికి వచ్చేసరికి దూరందూరంగా పడ్డాయి. అంచు దగ్గర మరీ పలచబడి, ఉన్నట్టుండి మళ్లీ చిక్కబడ్డాయి. మధ్యలో తిండికి వెళ్లొచ్చినట్టున్నాడు. ఆకలి దెబ్బలకూ కడుపునిండిన దెబ్బలకూ తేడా మేస్త్రీకి తెలియనిది కాదు. దీపం పైన ఉబ్బు ఉండాల్సినదానికంటే గోరంత తక్కువ ఉంది. తొందరలో వదిలేశాడు. వదిలేసి, పోనీలే అనుకుని, మూడు చుక్కలు కొట్టి ఈల వేసుకుంటూ వెళ్లుంటాడు. మేస్త్రీకి నవ్వొచ్చింది.

తరవాత కారు కిందికి దూరి కుడి మడ్‌గార్డు లోపల లైటు వేశాడు. అక్కడ చుక్కలు లేవు. ఇది వేరే మనిషి చెయ్యి. కుడిచేతివాటం. మొదటి దెబ్బనుంచి చివరి దెబ్బవరకు ఒకే బరువు, ఒకే దూరం, తెరిపి ఇచ్చే ముందు ఇసుక మీద పడే చినుకుల్లా. ఆకలీ లేదు, తొందరా లేదు. అంచులో తీగ పెట్టి మడిచిన మడతలో ఎక్కడా పిసరు తేడా లేదు. ఇంతా చేసి ఒక్క గుర్తు పెట్టుకోలేదు. మేస్త్రీ వెల్లకిలా పడుకుని, మెడ నొప్పి పుట్టేదాకా దాన్ని చూశాడు. లోకంలో తనలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని అతనికి ఆ నేల మీద పడుకునే తెలిసింది.

ఆ వారమంతా అతనికి ఆ ఇద్దరితోనే గడిచింది. కాగితం పరిచి కుడివైపు కొలత తీసి, తిరగేసి, ఎడమవైపుకు కొయ్య చట్రం కట్టుకున్నాడు. రేకు కత్తిరించి, వేడి ఎంత ఎక్కిందో తెలియడానికి ముక్క మీద సబ్బు రాశాడు. గ్యాసు మంట రేకు మీదుగా తిప్పుతుంటే సబ్బు తెలుపు పోయి లేత గోధుమరంగు, తరవాత ముదురు గోధుమ తిరుగుతుంది. అక్కడ ఆపాలి. ఆపకపోతే రేకు చెప్పాపెట్టకుండా కరిగి కిందికి జారిపోతుంది. ఆపితే మాత్రం, చల్లారాక వెన్నలా చెప్పినట్టు వింటుంది. అలా మెత్తబడ్డ రేకును ఇసుకసంచి మీద పెట్టి, కొయ్యసుత్తి ఎత్తి, ఒక్క క్షణం ఆగి, సుత్తిని కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు.

అలా చెయ్యమని ఎవరూ అడగలేదు. మాస్టారికి కావలసింది ఆకారం. కానీ ఆ ఉబ్బు కుడిచేతికి రాదని మేస్త్రీకి తోచింది. ఇది ఇంకొకరి మాట, ఇంకొకరి గొంతుతోనే చెప్పాలి.

మొదటి దెబ్బ సంచి మీద పడింది, రెండోది బల్ల మీద పడింది. మూడోది రేకు మీదే పడిందిగాని, ఎక్కడ పడిందో చూసి రేకే సిగ్గుపడేలా ఉంది. అందుకని చేతివెడల్పు వృథాముక్క ఒకటి తీసుకుని దాని మీద సాధన మొదలుపెట్టాడు.

భార్య మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చి కాసేపు నిలబడి చూసింది. "కుడిచేత్తో బాగు చెయ్యడం వచ్చినవాడివి. ఎడమచేత్తో పాడు చెయ్యడం నేర్చుకుంటున్నావా?"

"ఆయన అలాగే కొట్టాడు."

"ఏ ఆయన?"

మేస్త్రీ గడ్డంతో బల్ల మీదున్న నలిగిన రేకును చూపించాడు. ఆమె ఆ రేకును చూసింది, మొగుణ్ని చూసింది. "అన్నం చల్లారిపోతుంది. ఆయన్ని కూడా తీసుకురా," అని వెళ్లిపోయింది.

బుధవారం భుజం సలపడం మొదలైంది. కుడిచేత్తో ముద్ద ఎత్తుతుంటే ఎడమచెయ్యి ఒళ్లో పడుకుని వణికేది. గురువారం పొద్దున, ఎండ కిటికీలోంచి ఇసుకసంచి మీదికి వచ్చే వేళకు, చెయ్యి ఉన్నట్టుండి దారికొచ్చింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, ఇక్కడ మూడు రోజులే పట్టింది. దెబ్బ అటు ఒరిగింది. రేకు కింద ఉబ్బు నెమ్మదిగా లేస్తోంది. సుత్తి చప్పుడు తప్ప ఇంకేం వినపడని ఆ వెలుతురులో మేస్త్రీకి ఎక్కడో ఒక షెడ్డు కనపడింది. పొడుగు బల్ల ఒకటి, దానికి ఎడమవైపు ఒకడు, కుడివైపు ఒకడు. ఎడమవైపువాడు ఏదో పాడుతున్నాడు, మధ్యలో పదాలు మరిచిపోయి సుత్తితో పూరిస్తున్నాడు. కుడివైపువాడు ఆ గోలకు విసుక్కుంటూనే, పాట ఆగితే తలెత్తి చూస్తున్నాడు. షెడ్డు బయట వాన పడుతోంది. తిండివేళ కుడివైపువాడు తన డబ్బాలోంచి ఒక ముక్క తీసి మాట్లాడకుండా పక్కవాడి వైపు జరుపుతున్నాడు.

"ఎవరితో నవ్వుతున్నావు?" అంది భార్య లోపలి గదిలోంచి.

"ఎవరితోనూ లేదు."

శుక్రవారానికి మడ్‌గార్డు తయారైంది. దీపం పైన ఉబ్బు గోరంత తక్కువే ఉంచాడు. కిందివైపు ఆకలి దెబ్బలు కూడా కొట్టాడు, నిజంగానే ఆకలేసేదాకా ఆగి కొట్టాడు. రంగులు వేసే బావమరిది వచ్చి పాత రంగుకు సరిపడేలా వెలిసిన ఆకుపచ్చ కలిపి కొట్టి, లోపలివైపు పాత మసి పులిమిపోయాడు. శనివారం పొద్దున బిగించాక కారు ముందు నిలబడి చూస్తే, సోమవారం అసలు జరిగిందా అనిపించింది.

మాస్టారు వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత వంగి లోపల చూసి, లేచి, గొంతు సవరించుకున్నాడు. "చుక్కలు?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి అరువు తెచ్చుకోవచ్చు మాస్టారూ. సంతకం అరువు తెచ్చుకుంటే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు."

ఆ పేరేమిటో ఇద్దరికీ తెలుసు. మూడేళ్ల కిందట ఒకడు పాత ఇంజను మీద దొంగ నంబరు చెక్కాడని తెలిసి, క్లబ్బులో ఒక్కరు కూడా మళ్లీ వాడి గడప తొక్కలేదు. చక్కటి పనివాడు. ఇప్పుడు ఇనప గేట్లకు రంగులు వేసుకుంటున్నాడు. మేస్త్రీ షెడ్డుకు వచ్చేవి క్లబ్బువాళ్ల కార్లే, సీట్లు కుట్టించుకునేదీ వాళ్లే. ఈ సంగతి బయటపడితే రేపటినుంచి ఈ షెడ్డు గుమ్మంలో పిల్లి తప్ప ఎవరూ అడుగు పెట్టరు.

"భూతద్దం మొదట చూసేది ఆ చుక్కలే," అన్నాడు మాస్టారు. "ఇప్పుడు అవి లేవంటే అబద్ధం చెప్పానంటారు. గేటుకు గుద్దానంటే నవ్వుతారు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను మేస్త్రీ, వాళ్లు ఎదురుపడితే పక్కకు తిరిగి వెళ్లిపోతారు. ఒక్క ఆదివారం నాకూ ఒకరు కుర్చీ వేశారు." ఆయన మళ్లీ కళ్లజోడు తీశాడు. ముసలాయన ఏడుస్తాడేమోనని మేస్త్రీకి భయం వేసింది.

ఆ భయంతోనే మేకు తీసుకున్నాడు. మూడు దెబ్బలు. వారమంతా కొట్టిన వేల దెబ్బల్లో చెడ్డగా మోగినవి ఆ మూడే. మాస్టారు వెళ్లేటప్పుడు భుజం మీద చెయ్యి వేస్తే మేస్త్రీ ఆ భుజం కాస్త కిందికి దించుకున్నాడు.

"ముప్ఫై ఏళ్లుగా నీ పేరున ఒక్క చుక్క పెట్టుకోమంటే చెయ్యి రాలేదు," అంది భార్య. కోప్పడలేదు, మామూలుగానే అంది. "పరాయివాడి పేరున మూడు పెట్టావు."

ఆదివారం పొద్దున పాత గోదాము ముందున్న ఆవరణలో కార్లు బారులు తీరాయి. ఫ్లాస్కులు, మడత కుర్చీలు, మెత్తటి గుడ్డలు. ఒకరి ఇంజను పాడుతుంటే నలుగురు కళ్లు మూసుకుని వింటున్నారు. చుక్కల మాట పుణ్యమా అని మాస్టారి కారు ఇవాళ వరసలో మొదట ఉంది. మేస్త్రీ, భార్య బస్సులో వచ్చి, ఎప్పటిలాగే కుర్చీల వెనక నిలబడ్డారు. మేస్త్రీ భుజానికి పనిముట్ల సంచి ఉంది. పనున్నా లేకపోయినా అది లేకుండా అతను గడప దాటడు.

భూతద్దం వచ్చాడు. కోటు విప్పి ఎవరికో ఇచ్చి, నేల మీద గోనె పరిపించుకుని, ఎడమ మడ్‌గార్డు కిందికి దూరాడు. బూట్లు మాత్రం బయట ఉన్నాయి. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

బూట్లు కదిలాయి. ఆయన బయటికి వచ్చి గోనె మీదే కూర్చుండిపోయాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎడమచేతివాటం!" అన్నాడు. "చూశారా, దెబ్బలన్నీ అటే ఒరిగాయి. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ రాయలేదు. ఈ ఉబ్బు చూడండి, కాస్త తగ్గింది. మనిషి తొందరపడ్డాడు. కింద అలిసిపోయాడు. ఇది యంత్రం కాదు, ఇవాళ్టి పనివాడు కాదు. ఇలాంటి చెయ్యి మళ్లీ పుట్టదు!"

ఇరవైమంది చప్పట్లు కొట్టారు. మేస్త్రీ ఒళ్లు జల్లుమంది. ముప్ఫై ఏళ్లుగా కుర్చీల వెనక నిలబడి ఏ మాటల కోసం చెవులు రిక్కించాడో అవన్నీ ఒక్కటి తక్కువ కాకుండా ఇవాళ విన్నాడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుంది.

భూతద్దం కుడివైపు వెళ్లాడు. వంగి, లైటు వేసి, నిమిషం కూడా చూడలేదు. "ఇది తరవాత వేసింది. చుక్కల్లేవు. మరీ శుభ్రంగా ఉంది, ప్రాణం లేదు. ఎవడో డబ్బాలు చేసేవాడి పని." కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.

మాస్టారు మెల్లిగా వెనక్కు వచ్చి మేస్త్రీ చెవిలో అన్నాడు. "లెక్క సరిపోయింది. ఒకటి అసలు, ఒకటి కొత్త. కారులోనూ అంతే, కాగితంలోనూ అంతే. వైపు మారింది, ఇంకేం లేదు."

మేస్త్రీకి ఆ లెక్క అర్థమైంది. తప్పు కూడా లేదు దానిలో. కానీ బల్లకు కుడివైపున్న మనిషి తలెత్తి చూస్తున్నాడు. ఆ వాన చప్పుడులో, ఎవరి జోలికీ పోకుండా, ఒకే బరువుతో కొట్టుకుంటూ పోయి, గుర్తు పెట్టుకోనందుకు డబ్బాలవాడైపోయిన మనిషి. తనను ఎవరూ తలుచుకోకపోతే మేస్త్రీ ఓర్చుకోగలడు, అలవాటే. ఇది ఓర్చుకోలేకపోయాడు.

"కుడిదాన్ని అలా అనకండి సార్," అన్నాడు.

ఎవరన్నారా అని అందరూ వెతికారు. ఆ గొంతు చాలామంది ఎప్పుడూ వినలేదు.

"కుడిదే అసలుది. అంత పని నేను ఎక్కడా చూడలేదు. ఎడమది నేను చేశాను, మొన్న మంగళవారం మొదలుపెట్టి. ఆ చుక్కలు కూడా నేనే కొట్టాను. తప్పే."

భూతద్దం కలం ఆగింది. "నువ్వు ఎడమచేతివాడివి కాదు. నిన్ను నేను చూశాను."

మేస్త్రీ సంచిలోంచి తను సాధన చేసిన చేతివెడల్పు రేకుముక్క తీసి ఇచ్చాడు. "ఈ చివర మంగళవారం. ఈ చివర గురువారం."

భూతద్దం అద్దం కంటికి పెట్టుకున్నాడు. మంగళవారంనుంచి గురువారందాకా నడిచినట్టు, దెబ్బదెబ్బకీ ఆగుతూ చూశాడు. చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. "ఇన్నాళ్లూ ఎన్ని కార్లకు ఇలా చుక్కలు పెట్టాడో," అన్నాడు నీలం కారాయన, అందరికీ వినపడేలా. ఇద్దరు ముగ్గురు మేస్త్రీ వైపు వీపు తిప్పారు. ఇక ఆ షెడ్డు గుమ్మంలో పిల్లి పడుకున్నట్టే.

"చుక్కలు పెట్టమన్నది నేను," అన్నాడు మాస్టారు. అంత గట్టిగా ఆయన తరగతిలో కూడా మాట్లాడి ఉండడు. "గేటుకు గుద్దింది నేను. చెప్పుకోలేక అతని చేత చేయించింది నేను. తిట్టేదేదో ఇటు తిట్టండి."

భూతద్దం ఎవరినీ పట్టించుకోలేదు. ముక్క జేబులో వేసుకుని, గోనె తనే లాక్కుని, కుడి మడ్‌గార్డు కిందికి దూరాడు. ఈసారి బూట్లు చాలాసేపు కదల్లేదు. లోపలినుంచి మాట వచ్చింది, తనలో తను అనుకున్నట్టు. "ఎంత ఓపిక గల మనిషి."

బయటికి వచ్చి, రాసిన వాక్యం కొట్టేసి, కొత్తది రాశాడు. తరవాత మేస్త్రీతో అన్నాడు. "ఆ చుక్కలు నీవి కావు, తీసెయ్."

మేస్త్రీ ఆకురాయి తీసి, అందరూ చూస్తుండగా మూడు చుక్కలూ అరగదీశాడు. వెండిపొడి వేళ్లకు అంటుకుంది.

"ఇప్పుడు నీ గుర్తేదో పెట్టు. కాగితంలో రాస్తాను. ఉండాల్సిందే, ఇలాంటి పని మీద."

మేస్త్రీ చేతిలోకి మేకు వచ్చింది. కుర్చీల ముందు నిలబడటం అతనికి అదే మొదలు. మేకు కొనను అంచుకు ఆనించాడు. భార్య ముందుకు వచ్చి చూస్తోంది. అతను కారు ముక్కు మీదుగా అవతలివైపు మడ్‌గార్డును చూసి, మేకు సంచిలో వేసేసుకున్నాడు.

"ఏం?" అన్నాడు భూతద్దం.

"ఇలా బాగుంది సార్."

మాస్టారు తన కారును తనే తోసుకుంటూ వెళ్లి, నీళ్ల కుళాయి పక్కన పెట్టాడు. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. కాసేపు కుళాయి కింద మొహం కడుక్కుని, వచ్చి, తాళంచెవి మేస్త్రీ చేతిలో పెట్టాడు. "మీ ఇద్దరూ దీన్లో వెళ్లండి. నేను నడిచిపోతాను."

"ఎండ మాస్టారూ."

"నా గేటు స్తంభం దాకా నడవాలి. దానికి నేనొక క్షమాపణ బాకీ ఉన్నాను," అని ఆయన బయల్దేరాడు.

ఇన్నేళ్లలో ఆ కార్ల కింద పడుకోవడమే తప్ప, మేస్త్రీ పరీక్షకు కూడా వాటిలో రోడ్డెక్కింది లేదు. భార్య తను కుట్టిన సీట్లో మొదటిసారి కూర్చుని, రెండు చేతులతో అంచు తడిమి, "ఇక్కడ దారం కాస్త బిగించాను," అనుకుంది. కారు కదిలింది. గాలి నెమ్మదిగా మొహాల మీదికి వచ్చింది. గోడలు, మూసిన దుకాణాలు, ఆరేసిన బట్టలు వెనక్కు జారిపోతున్నాయి. ఎదురుగా బానెట్‌కు రెండుపక్కలా రెండు మడ్‌గార్డులు. మేస్త్రీ వాటిని లోపలినుంచి చూశాడు, బయటనుంచి చూశాడు. ఇలా కూర్చుని చూడటం ఇప్పుడే. చెట్లనీడలు వాటి మీదికెక్కి, జారి, పోతున్నాయి. ఎడమది గోరంత తక్కువ. ఇక్కణ్నుంచి చూస్తే అది తెలిసేది అతనికొక్కడికే. ఇద్దరు మనుషులు ముందు నడుస్తూ దారి చూపిస్తున్నట్టుంది.

"పెట్టమంటే ఎందుకు పెట్టలేదు?" అంది భార్య చాలాదూరం వచ్చాక.

"అటువైపాయన పెట్టుకోలేదు కదా."

"పిచ్చిమాలోకం," అంది ఆమె. ఇంకొంత దూరం పోయాక, "ఆపు," అంది. "దిగు. నీ సీటు ఎత్తు."

అతను రోడ్డు పక్క నీడలో ఆపి, దిగి, మెత్తను ఊడదీసి ఎత్తాడు. ఆమె దాన్ని తిరగేసి మూల చూపించింది. నల్లదారం కుట్ల వరసలో ఒక్కటి ఎర్రది. బియ్యపుగింజంత.

"ఇదేంటి?"

"నాది."

"ఈ కారుకేనా?"

"అన్నిటికీ."

"ఎప్పటినుంచి?"

"మొదటి సీటునుంచి."

మేస్త్రీ నోరు తెరుచుకుని చూశాడు. ముప్ఫై ఏళ్ల కార్లు ఒకటొకటిగా అతని కళ్లముందు కదిలాయి. నీలంది, తెల్లది, ముక్కు పొడుగుది, అమ్మేసుకుంటే ఏ ఊళ్లకో పోయినవి. ఈ క్షణాన ఎక్కడెక్కడో, ఎవరెవరో గొప్పగొప్పవాళ్లు, తెలియకుండా ఆ ఎర్రకుట్టు మీద కూర్చుని పోతున్నారు.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడైనా సీటు తిరగేసి చూశావా? నువ్వే కాదులే, ఎవరూ చూడలేదు."

"మరి ఎవరి కోసం?"

"కుట్టేటప్పుడు నేను చూస్తా కదా," అంది ఆమె. "రేపు పని వస్తుందో రాదో. వస్తే మాత్రం నా దారం నాకుంది. చూశావుగా, ఇక ఎక్కు."

మేస్త్రీ బొటనవేలితో ఆ ఎర్రకుట్టును ఒకసారి తడిమాడు. మెత్తను ఎలా ఉన్నదాన్ని అలా బిగించి, ఎక్కి, ఆ మూల తగలకుండా కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు.